నల్ల అంచు పోస్టరు

ముందే చెప్పేస్తున్నాను, తప్పు నాదే. ఊళ్లో ఎవరైనా అడిగితే ఇప్పటికీ యంత్రం మీదకు తోసేస్తాను గానీ, ఇక్కడ దాచి లాభం లేదు. దాన్యూబ్ ఏటి ఒడ్డున మా బ్రెస్తొవోలో ముప్పై ఏళ్లుగా కాగితాలు అచ్చువేస్తున్న గిన్కాని నేను. బస్టాపుకి ఎదురుగా, మందుల షాపు పక్కన నా దుకాణం. పెళ్లి శుభలేఖలు ఏడాదికి ఆరో ఏడో వస్తాయి. చావు కాగితాలు మాత్రం వారానికి మూడు తప్పవు. మా ఊళ్లో పుట్టేవాళ్లు తక్కువ, పోయేవాళ్లు ఎక్కువ. నా పొయ్యి వెలిగేది ఆ రెండోవాళ్ల పుణ్యానే.

చావు కాగితం వేయడం పెద్ద విద్యేం కాదు. చుట్టూ నల్ల అంచు, పైన నడిమధ్య ఫొటో, దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు, ఆ కింద రోజు, గంట, చోటు. పోయినవాళ్ల గేటు మీద ఒకటి, బస్టాపులో ఒకటి, చర్చి గోడకొకటి, కరెంటు స్తంభాలకి తలా ఒకటి. నలభై రోజులకి మళ్లీ, ఆర్నెల్లకి మళ్లీ, ఏడాదికి మళ్లీ. ఆ కాగితాన్ని మావాళ్లెవరూ చదవరు, చూస్తారంతే. ఫొటో చూసి అయ్యో అంటారు, గంట చూసుకుంటారు, పూలు కొనడానికి పోతారు. డెబ్బై దాటినవాళ్ల కళ్లజోడు ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది మరి.

ఇక విహ్రా సంగతి. దాన్యూబ్ మీద మా రేవు నుంచి అవతల రొమేనియా ఒడ్డుకి ఫెర్రీ నడిచినంత కాలం దాని ఇంజను చూసినవాడు దనాయిల్. ఆయన కూతురు విహ్రా. నలభై ఒకటి నిండాయి. చింపిరి జుట్టు, ఎండాకాలం తప్ప వదలని పచ్చ కోటు. శనివారాలు పెళ్లిళ్లకీ, మే నెలలో బడి చదువు ముగించిన పిల్లల విందులకీ కెమెరా భుజాన వేసుకుని వెళ్తుంది. అందుకని ఊళ్లో అందరూ పెళ్లిళ్ల విహ్రా అంటారు. ఆ పేరు పెట్టింది నేనేనని కొందరంటారు. కాదనను. పెళ్లిళ్లలో వచ్చిన దానితో బతుకుతుంది, మిగతా రోజులన్నీ సినిమా తీస్తుంది. ఎవరూ తీయమనని సినిమా, ఎవరూ పైసా పెట్టని సినిమా. కూటికి లేకున్నా కాటుక మానదు అని నేనెన్నిసార్లు వెక్కిరించానో ఆ దేవుడికే తెలుసు. పిల్ల నవ్వేసేది. నవ్వేసి మళ్లీ తన పని తనదే.

దానికొక పట్టుదల ఉంది. పొద్దున్నే ఏడింటికి రేవుకి పోయి, ఊళ్లో లేకపోతే ఉన్నచోటే, ఒక్క నిమిషం తీస్తుంది. ఎక్కువ కాదు, తక్కువ కాదు. నీళ్ల మీద మంచు, ఇసుక మోసుకుపోయే పడవ, వల దులుపుకునే ముసలాయన, ఏదైనా సరే. పదకొండేళ్లుగా ఒక్కరోజు మానలేదు. తీశాక నేరుగా నా దుకాణానికొచ్చి, కాఫీ వంపుకుంటూ, ఇవాళ్టి నిమిషం అయిపోయింది పిన్నీ అంటుంది. అదే మాట, రోజూ.

దేనికే ఆ నిమిషాలు, ఊరగాయ పెడతావా అని ఒకసారి అడిగాను.

"వాటితో ఏమీ చెయ్యను పిన్నీ. నీ సినిమా మాకొద్దు అని ఉత్తరాలొస్తుంటాయిగా. అవి తొమ్మిదింటికి గానీ రావు. ఏడింటికే నా పని నేను చేసేసుంటాను. ఇంక నువ్వు సినిమా మనిషివి కాదు పొమ్మంటే మాత్రం, ఆ రోజుకి ఎట్లా చెల్లుద్ది?"

దాని తెలివి చూసి నవ్వాను గానీ, ఆ మాట నాలో ఎక్కడో ఉండిపోయింది.

ఆరేళ్లు పట్టి ఒక పెద్ద సినిమా తీసింది. పేరు "అరువు కుండ". మా రూస్కక్క అందులో తార. రూస్కక్కకి ఎనభై ఏళ్లు. బళ్లో వంటమ్మగా ముప్పై ఏళ్లు చేసి దిగిపోయింది. ఈ ఊళ్లో యాభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లంతా ఆవిడ చేతి చిక్కుడు చారు తిని పెరిగినవాళ్లే. కథేమిటంటే, ఒక ముసలావిడకి ఒకనాటి పొద్దున్న హఠాత్తుగా గుర్తొస్తుంది, ముప్పై ఏళ్ల కిందట అవతలి ఒడ్డున ఉన్న స్నేహితురాలి దగ్గర పెద్ద కుండ అరువు తెచ్చి తిరిగివ్వలేదని. ఫెర్రీ లేదు. కుండ నెత్తిన పెట్టుకుని, నన్ను ఏరు దాటించండి అంటూ ఊరంతా తిరుగుతుంది. ఒక్కొక్కరూ ఒక్కో సాకు చెబుతారు. సినిమాలో గడిచేది ఒక్క పగలు. తీసింది ఆరు వేసవులు. పొద్దుటి ముక్కలో రూస్కక్కకి డెబ్బై నాలుగు, సాయంత్రానికి ఎనభై. నడిచి నడిచి ముసలిదైపోయిందనే అనుకుంటాం చూస్తుంటే.

ముప్పై ఒక్క చిత్రోత్సవాలకి పంపింది. ఇరవై తొమ్మిది చోట్ల విచారిస్తున్నాం అన్నారు, రెండు చోట్ల ఆ విచారం కూడా పడలేదు. ఊళ్లోవాళ్ల మాట సరేసరి. పెరటి చెట్టు మందుకి పనికిరాదు కదా. సోఫియా వాళ్లు తీస్తే సినిమా, దనాయిల్ కూతురు తీస్తే కాలక్షేపం.

అక్టోబరు మొదట్లో ఒకనాడు వచ్చి, కాఫీ వైపు చూడకుండా కుర్చీలో కూలబడింది. ఇవాళ్టి నిమిషం అయిందా అని నేనే అడగాల్సి వచ్చింది. అయిందంది, కానీ మొహాన నెత్తురు చుక్క లేదు. సోఫియాలో దాని మేనత్త కొడుకు ఒక సంస్థలో ఉన్నాడు, టీవీలో పరుపులూ పెనాలూ అమ్మే ప్రకటనలు తీస్తారు. కత్తిరించి అతికించే పని, నెలజీతం. సోమవారం చేరిపొమ్మన్నాడు. ఇది సరేనంది. విదిన్‌లో పెళ్లి వీడియోలు తీసే ఒకాయనకి కెమెరా అమ్ముతానని కూడా చెప్పేసింది. ఆదివారం పొద్దున్న ఏడింటికి వస్తాడట.

"ఇన్నాళ్లూ వాళ్లకి అర్థం కావట్లేదనుకున్నా పిన్నీ. నాకే చేతకాదేమోనని ఇప్పుడు భయమేస్తోంది" అంది. దాని నోట ఆ మాట వినడం అదే మొదలు.

కాసేపటికి తనే తేరుకుంది. శనివారం ఆరింటికి మన హాల్లో ఒక్కసారి వేస్తానంది. హాలంటే మా చితాలిష్టే, పైన పుస్తకాలూ కింద వేదికా మూడొందల కుర్చీలూ ఉన్న పాత భవనం. ఎవర్నీ బతిమాలదట, గడప గడపకీ పోయి పిలవదట. ముప్పై మంది వాళ్లంతట వాళ్లొచ్చి చివరిదాకా కూర్చుంటే ఇంకో సినిమా తీస్తుందట. లేకపోతే ఆదివారం కెమెరా ఇచ్చేసి సోమవారం బస్సెక్కుతుందట.

"నన్నూ రూస్కక్కనీ కలుపుకునేగా ముప్పై?"

"మీరిద్దరూ లెక్కలోకి రారు."

ముప్పై మందా! కిందటి నెల ఉచితంగా వైను పోస్తూ పాటల కచేరీ పెడితే పదకొండు మంది వచ్చారు మా హాలుకి. అందులో ఇద్దరు దారి తప్పి వచ్చినవాళ్లు. అయినా ఆ మాట అనలేదు. పోస్టర్ల సంగతి నాకొదిలెయ్ అన్నాను, వేయడమూ నేనే, అతికించడమూ నేనే. అది ఫొటో ఇచ్చి, ప్రొజెక్టరూ చప్పుడు పెట్టెలూ అద్దెకి తేవడానికి గురువారమే వ్రాత్సా వెళ్లిపోయింది. రూస్కక్క కూడా ఊళ్లో లేదు. కంట్లో పొర తీయించుకోవడానికి పది రోజుల కిందటే వ్రాత్సాలోనే ఉన్న కూతురింటికి పోయింది. శనివారం సినిమా వేళకి అల్లుడు కారులో తెచ్చి దింపుతానన్నాడు.

ఇదుగో, ఇక్కడ జరిగింది నా నిర్వాకం. రంగుల యంత్రం ఆ పొద్దునే మొరాయించింది. సరే, నలుపు తెలుపులోనే వేద్దామని కూర్చున్నాను. ఆ వారం ముగ్గురు పోయారు, వాళ్ల కాగితాల అచ్చు కంప్యూటరులో తెరిచే ఉంది. అందులోనే రూస్కక్క ఫొటో పెట్టాను. కింద తార పేరు పెద్దక్షరాల్లో కొట్టాను. దాని కింద శనివారం, ఆరు గంటలు, చితాలిష్టే. ఆ తర్వాత గుర్తొచ్చి "అరువు కుండ" అనీ, దర్శకత్వం విహ్రా అనీ చిన్నక్షరాల్లో ఇరికించాను. నల్ల అంచు తీసేద్దామని చూస్తే ఫొటో పక్కకి జరిగిపోతోంది. ఉండనీలే, నీటుగానే ఉంది అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా చూసీ చూసీ ఆ అంచు నా కంటికి ఆనదు. రూస్కక్క బతికే ఉందని నాకు తెలుసు. తెలిసినదాన్ని కాబట్టే నాకు అనుమానం రాలేదు.

నలభై కాగితాలు వేసి బయల్దేరాను. మొట్టమొదటిది రూస్కక్క గేటుకే అతికించాను, తార ఇంటి మీద లేకపోతే ఎట్లా అని. నేను అతికిస్తుంటే బస్సు డ్రైవరు బస్సాపి, టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు. ఔరా, కళంటే ఎంత మర్యాద అనుకున్నాను. మందులమ్మాయి ముక్కు తుడుచుకుంటూ తప్పకుండా వస్తానంది. బేకరీ ఆడవాళ్లు షాపు త్వరగా కట్టేస్తామన్నారు. మంగలి మెతోది, డెబ్బై ఆరేళ్లవాడు, ఎవరింటి శుభానికీ అశుభానికీ గడప దిగని పీనాసి, నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"హాల్లోనా?"

"హాల్లోనే. వస్తావా మరి?"

"రాకపోతే మనిషినేనా? తగిన గౌరవం చేస్తున్నారు. ఊరందరికీ అన్నం పెట్టిన చెయ్యి."

నిజమే కదా, ఊరందరూ తన చేతి వంట తిన్న తార అనుకున్నాను. ఒక్కరంటే ఒక్కరైనా సినిమా అనే మాట ఎత్తారా, లేదు. నేనైనా ఎత్తానా, లేదు. అదేమిటో, అంత మాట్లాడే నోరు ఆ రెండు రోజులూ ఆ ఒక్క మాట మీదకి పోలేదు. శుక్రవారం విహ్రాకి ఫోన్ చేసి, ముప్పై కాదే పిచ్చిదానా, వంద దాటుతారు అని అరిచాను. చిన్న గొంతుతో, నిజంగానా పిన్నీ అంది. నిజంగానే అని ఒట్టేశాను. ఆ రాత్రి సంతోషంతో నాకు నిద్ర పడితే ఒట్టు.

శనివారం విహ్రా రేవు రోడ్డు మీంచి వచ్చి, హాలు వెనక తలుపులోంచి సామాను దింపుకుంది. ఊళ్లోకి రానే లేదు, పోస్టరు చూడనే లేదు. అయిదున్నరకి జనం మొదలయ్యారు. ఒకరా ఇద్దరా! చేతికర్రలతో కొందరు, కొడుకుల చెయ్యి పట్టుకుని కొందరు, పక్క పల్లెల నుంచి అద్దె బండిలో ఒక గుంపు. మేయరుగారు టై కట్టుకుని వచ్చాడు, చేతిలో రాసుకున్న ప్రసంగం. ఫాదరు కూడా వచ్చాడు. అందరూ నల్లబట్టల్లోనే ఉన్నారు, నిజమే, కానీ మా ఊరి ముసలాళ్లకి ఉన్న మంచిబట్టలన్నీ నల్లవే. నేను తలుపు దగ్గర నిలబడి లెక్కపెడుతున్నాను. యాభై, ఎనభై, నూట ఇరవై. నూట నలభై మూడు దగ్గర లెక్క తప్పింది. కాళ్లు నేల మీద ఆనలేదనుకోండి. పరుగున తెర వెనక్కి పోయి విహ్రాని పట్టుకుని గిరగిరా తిప్పేశాను. దాని కళ్లనిండా నీళ్లు, నోరారా నవ్వు. పచ్చ కోటు విప్పి కొత్త కోటు వేసుకుంది, దువ్వెన పెట్టింది కూడా. అది పుట్టాక దాని తలలో దువ్వెన చూడలేదు నేను.

తెర పక్కకి లాగి ఒక్క కంటితో హాల్లోకి చూసింది. చూస్తూ చూస్తూ దాని నవ్వు ఆగిపోయింది.

"పిన్నీ, పూలు చూడు."

"చూశానే, ఎన్ని పూలో!"

"మనిషికెన్నో చూడు."

చూశాను. మెతోది చేతిలో రెండు కార్నేషన్లు. మందులమ్మాయి చేతిలో రెండు. బస్సు డ్రైవరు దగ్గర నాలుగు. బేకరీ ఆడవాళ్లకి తలా రెండు. మా దగ్గర బతికున్న మనిషికి ఒకటో మూడో అయిదో ఇస్తాం. సరి సంఖ్య పోయినవాళ్లకే. పాలు తాగే పిల్లకి కూడా తెలుసు ఈ సంగతి. ముందు వరసలో రూస్కక్క పొరుగావిడ చావుకి పంచే ఉడికించిన గోధుమల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పైన పంచదార తీర్చిదిద్ది కూర్చుంది.

అప్పుడు వెలిగింది నాకు, ఆ నల్ల అంచు. గోడ పట్టుకుని నిలబడ్డాను. చెప్పకుండా ఎట్లా ఉండను, అంతా చెప్పాను, ముక్క ముక్కగా. అది తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఏమైతే ఏం, వచ్చారుగా! దీపాలార్పి వేసెయ్యి" అన్నాను. "చీకట్లో లేచేదెవరు? ముప్పై కావాలన్నావ్, నూట నలభై ఉన్నారు. వేసెయ్యవే!"

విహ్రా ఆలోచించింది. ఆలోచించలేదంటే అబద్ధం, చెయ్యి మీట మీదే ఉంది. గోడమీది గడియారం ఆరు దాటింది. ఆ తర్వాత చెయ్యి తీసేసింది.

"వాళ్లు నా సినిమాకి రాలేదు పిన్నీ. రూస్క అవ్వ కోసం ఏడవడానికొచ్చారు. వాళ్లని మోసం చేసి ముప్పై లెక్కేసుకుంటే, రేపు నన్ను నేను నమ్ముతానా?"

వేదిక మీదకి నడిచిపోయింది. రూస్క అవ్వ బతికే ఉందని, కంటి ఆపరేషను చేయించుకుని దారిలో ఉందని, ఆ కాగితం సినిమా పోస్టరని చెప్పింది. పొరపాటు తనదేనని కూడా చెప్పింది, నా పేరెత్తలేదు. "వెళ్లాలనుకున్నవాళ్లు వెళ్లండి, నేనేమీ అనుకోను. సినిమా నడిచినంతసేపూ తలుపు తీసే ఉంటుంది. ఉండేవాళ్ల కోసం మాత్రం గంటన్నర సినిమా ఉంది, ఆరేళ్లు కష్టపడి తీశాను, బాగుంటుంది."

బాగుంటుంది! ఆ మాట అన్నప్పుడు దాని గొంతు వణకలేదు.

అంతే, తుఫాను. చావుతో ఆటలా అని కొందరు, బంతాట వదులుకుని వచ్చానని ఒకడు, నా ప్రసంగం సంగతేమిటని మేయరుగారు. సరిగ్గా అప్పుడే పక్క తలుపు తీసుకుని, ఒక కంటికి తెల్ల కట్టుతో, అల్లుడి చెయ్యి పట్టుకుని రూస్కక్క వచ్చింది. ఒకావిడ కెవ్వుమంది. ఫాదరు శిలువ గీసుకున్నాడు. రూస్కక్క ఉన్న ఒక్క కంటితో హాలంతా కలయజూసింది. దారిలో తన గేటు మీద కాగితం చూసే వచ్చిందట.

"ఇన్ని పూలా నాకు? మొన్నామధ్య జ్వరమొచ్చి నాలుగు రోజులు మంచం మీదుంటే ఒక్కడు ఉల్లిపాయ తెచ్చివ్వలేదు" అంది. పొరుగావిడ ఒళ్లోంచి పళ్లెం లాక్కుని, తన గోధుమలు తనే ఒక చెంచా నోట్లో వేసుకుంది. "పంచదార తక్కువైంది. నిజంగా పోయినప్పుడైనా సరిగా చెయ్యి."

నవ్వు మొదలైంది. కానీ నవ్వినవాళ్లందరూ ఉండిపోలేదు. మేయరుగారు వెళ్లాడు, ఆయన వెనక ఆఫీసువాళ్లు. ఫాదరు వెళ్లాడు. అద్దె బండి గుంపు, చీకటి పడుతుందని వెళ్లింది. కుర్చీలు టపటపా మడత పడుతున్నాయి. ప్రతి చప్పుడూ నా చెంప మీద కొట్టినట్టే ఉంది. విహ్రా వేదిక పక్కనే నిలబడి వెళ్లేవాళ్లకి తల వంచి వీడ్కోలు చెప్పింది, పెళ్లింటి ఆడపడుచులాగా. తర్వాత పోయి మీట నొక్కింది.

సినిమా నేనూ అప్పటికి చూడలేదు. చెబితే సిగ్గు, ఆరేళ్లు దానికి కాఫీ పోశాను గానీ ఒక్కసారి చూపించవే అని అడగలేదు. తెర మీద మా రేవు కనిపించింది. పొద్దున్న ఏడు గంటల వెలుతురు. మంచులోంచి కుండ నెత్తిన పెట్టుకుని రూస్కక్క నడిచొస్తుంది, చెప్పులు తడిసి చప్పుడవుతుంటాయి. అంతే. అంతకు మించి ఏం లేదు. నాకెందుకు కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదో ఇప్పటికీ చెప్పలేను. రోజూ కాఫీ వంపుకుంటూ ఇవాళ్టి నిమిషం అయిపోయిందనేది కదా, ఆ నిమిషాలన్నీ పట్టిన చెయ్యి అది. తెర మీది మంగలి షాపులో మెతోది, నాకు పడవ లేదమ్మా, ఉన్నా అద్దెకివ్వను అన్నప్పుడు హాల్లోని మెతోదికి పొరపోయింది. తనని తీసినట్టే వాడికి గుర్తులేదు. నవ్వులు హాలు బయటికి వినపడ్డాయి. వెళ్లినవాళ్లలో నలుగురైదుగురు తలుపు దగ్గర మళ్లీ తలలు పెట్టారు, ఇద్దరు వచ్చి కూర్చున్నారు. కొందరు మధ్యలో లేచిపోయారు కూడా. చివర్లో ముసలావిడ ఎవరూ దాటించని ఏటి ఒడ్డున కూర్చుని, ఆ కుండని కడిగి, బోర్లించి, పక్కన పెట్టుకుని, అవతలి ఒడ్డుకేసి చెయ్యి ఊపుతుంది. అవతల ఎవరో చిన్న చుక్కలాగా చెయ్యి ఊపుతారు. దీపాలు వెలిగాయి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అప్పుడు మెతోది లేచాడు. తన రెండు పూలలోంచి ఒకటి విడదీసి జేబులో పెట్టుకున్నాడు. రెండోది తీసుకెళ్లి విహ్రా చేతిలో పెట్టాడు.

"బతికున్నవాళ్లకి ఒకటే" అన్నాడు.

వాడి వెనకే మందులమ్మాయి. తర్వాత బస్సు డ్రైవరు. వరసగా అందరూ, ఒక్కొక్కరూ ఒక్కో పువ్వు. కొందరు కళ్లు తుడుచుకున్నారు, కొందరు దాని భుజం తట్టారు. విహ్రా రెండు చేతులతో ఎర్రటి పూలు పొదివి పట్టుకుని చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది, నవ్వుతోంది, మళ్లీ ఏడుస్తోంది. నేను పూలు లెక్కపెట్టాను. అలవాటు. పూలంటే మనుషులే కదా. ఇరవై ఆరు.

ముప్పై కాదు. ఇరవై ఆరు. పైగా సరి సంఖ్య, చావు లెక్క! రూస్కక్క ఒళ్లో ఎవరో పెట్టిన పూలున్నాయి, అందులోంచి ఒకటి లాగేసుకుని వరసలో చివరిదాన్నై నిలబడ్డాను.

"నువ్వు లెక్కలోకి రావన్నాగా" అంది విహ్రా.

"నోర్మూసుకుని తీసుకోవే. పెళ్లిళ్ల విహ్రా అన్న నోటితోనే చెబుతున్నా, ఇంత బాగా తీస్తావని నాకు తెలీదే తల్లీ" అన్నాను.

పువ్వు తీసుకుంది. ఇరవై ఏడు. ఇంటికి నడుస్తుంటే ఆగబట్టలేక, ముప్పై ఒక్కమంది చూశారే అని అబద్ధమాడాను. ఇరవై ఆరే, నేనూ లెక్కపెట్టాను అంది. మరి రేపు కెమెరా కోసం వాడొస్తాడే అన్నాను.

"ఖాళీ హాలంటే పదకొండేళ్లుగా భయం పిన్నీ నాకు. ఇవాళ నిండిన హాలుని నా నోటితో నేనే ఖాళీ చేశాను. చేసి, మిగిలినవాళ్లకి బాగుంటుందని చెప్పాను. చచ్చిపోలేదుగా? ఇంకేం చేస్తారు నన్ను?" అంది.

పోస్టర్లు పీకేద్దామని ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. తన గేటు మీది కాగితం మాత్రం రూస్కక్క ముట్టుకోనివ్వలేదు, ఉండనీ, ఎప్పటికైనా పనికొస్తుంది, తేదీ ఒక్కటి మార్చుకుంటే సరి అంది. దుకాణం తీసేసరికే ఇద్దరున్నారు గుమ్మంలో. రాత్రి మధ్యలో లేచిపోయినవాళ్లు. కుండ అవతలికి చేరిందా లేదా అని అడిగారు. నేను చెప్పలేదు. మళ్లీ వేసినప్పుడు కూర్చుని చూడండి అన్నాను.

సరిగ్గా ఏడింటికి విదిన్ నుంచి వచ్చినాయన తలుపు తోసుకుని వచ్చాడు. పెళ్లిళ్ల విహ్రా ఇల్లెక్కడ, కెమెరా కోసం వచ్చాను అన్నాడు. కిటికీలోంచి రేవు కనిపిస్తోంది. పచ్చ కోటు, చింపిరి జుట్టు, కాళ్ల దగ్గర మంచు, కంటికి కెమెరా.

"పెళ్లిళ్ల విహ్రా అని ఇక్కడెవరూ లేరు నాయనా" అన్నాను. "సినిమాలు తీసే విహ్రా ఉంది. పనిలో ఉంది, ఒక్క నిమిషం కూర్చో."

ఆయనకి కాఫీ పోశాను. దానికి కూడా ఒక కప్పు పోసి పక్కన పెట్టాను.